మంచు కావాలంటే దూది వద్దు తల్లీ

చిరంజీవి అమ్మలుకు మామయ్య దీవెనలు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. ఈసారి క్రిస్మస్‌కు అందరం మీ కొత్త ఇంట్లోనే కలుస్తామట, అలంకరణంతా నీదేనట. గాజు బంతి చేతికిస్తే కొరికి చూసే పిల్లవి, ఇంత దూరం వచ్చావా అని మనసు నిండిపోయింది. ఫోను పెట్టేసే ముందు మీ అమ్మ మరో మాట చెప్పింది. "అంతా తెల్లగా చేస్తుందట అన్నయ్యా, మంచు కురిసినట్టు!" అంతే, నాకు నిద్ర పట్టలేదు. అర్ధరాత్రి లేచి ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

ఫోనులో వందల బొమ్మలు దాచుకుని, ఏ పద్ధతిలో చేయాలో తేల్చుకోలేకపోతున్నావని కూడా విన్నాను. కంగారు పడకు. ఎన్ని బొమ్మలు చూసినా అటూ ఇటూ తిరిగి నాలుగైదు పద్ధతులకే వస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు కలిపేది అందరికీ తెలిసిన పాత పద్ధతి. చలికాలంలో కూడా ఆకు రాల్చని హాలీ పొదనూ దాని ఎర్రటి కాయలనూ చూస్తే ఆ రంగుల జోడీ ఎక్కడిదో తెలుస్తుంది. నిండుగా ఉంటుంది, తప్పులు దాస్తుంది. ఒక రిబ్బను వంకరగా కట్టినా ఎవరి కంటా పడదు. కొత్తగా చేతులు పెట్టేవాళ్లకు నేనైతే అదే చెబుతాను. నువ్వు వినవని తెలుసు.

స్వీడన్, డెన్మార్క్ వైపు ఇళ్ల పద్ధతి ఇంకొకటి. రంగు వేయని చెక్క, గడ్డితో అల్లిన మేక బొమ్మ, కాగితం మడిచి అల్లిన హృదయాలు, కిటికీలో ఒక నక్షత్రం, అక్కడక్కడా తెల్ల కొవ్వొత్తులు. తక్కువ వస్తువులతో గది ఎంత ప్రశాంతంగా మారుతుందో చూస్తే ముచ్చటేస్తుంది. కానీ గడ్డి, కాగితం, కొవ్వొత్తి! ఆ మూడింటినీ ఒకే బల్ల మీద పెట్టే ధైర్యం నాకు లేదు. పైన్ కాయలు, ఎండు కొమ్మలు, ఎండబెట్టిన నారింజ చక్రాలు, జనపనార తాళ్లతో చేసే పల్లెటూరి పద్ధతి కూడా అందమైనదే. అయితే ఎండినవన్నీ నిప్పుకు చుట్టాలే. నీకు నవ్వు వస్తోందని తెలుసు. మామయ్య ఏ పద్ధతిని చూసినా అది ఎంత తొందరగా అంటుకుంటుందో లెక్కవేస్తాడని మీ అమ్మ ఎప్పుడూ వెక్కిరిస్తుంది.

పాతకాలపు రంగురంగుల గాజు బంతుల పద్ధతి ఈమధ్య మళ్లీ వచ్చినట్టుంది. జర్మనీలో లౌషా అనే ఊరి గాజు పనివాళ్లు 19వ శతాబ్దంలో గొట్టంతో ఊది, లోపల వెండి పూత పూసి చేయడం మొదలుపెట్టిన బంతులవి. పలచగా, ఉల్లిపొరలా ఉంటాయి. నీ కొడుకు పాకుతున్నాడు కదా, గాజువి ఏవైనా నీ నడుము ఎత్తు దాటాకే కట్టు. కింది కొమ్మలకు గుడ్డ బొమ్మలో చెక్కవో చాలు. గుండీ బ్యాటరీలతో వెలిగే చిన్న దీపాలైతే వాడి చేతికి అందే చోట ఒక్కటి కూడా ఉండకూడదు. ఆ బ్యాటరీ మింగితే కొద్ది గంటల్లోనే గొంతు లోపల పుండు పడుతుంది.

ఇక నీ తెలుపు సంగతి. నా పందొమ్మిదో ఏట, 1978లో, నాకూ తెలుపే కావాల్సి వచ్చింది. ఒక పత్రికలో మంచు కప్పిన చెట్టు బొమ్మ చూశాను. మా ఇంట్లో చెట్టు కూడా అలా ఉండాలని పట్టుబట్టి, పరుపులోంచి తీసిన దూదిని పలచగా విడదీసి, ప్రతి కొమ్మ మీదా పరిచాను. దాని కింద నుంచి సీరియల్ బల్బుల తీగ నడిపాను. దూదిలోంచి వెలుగు వస్తే నిజంగా మంచులో దీపం పెట్టినట్టే ఉంది. మీ తాతయ్య భుజం తట్టారు. ఆయన అలా తట్టడం అరుదు.

రెండో రోజు ఒక బల్బు పోయింది, దాంతో తీగంతా ఆరిపోయింది. సీరియల్ బల్బులు అని నోటితో అనడమే తప్ప, ఆ మాటకు అర్థం ఏమిటని ఎప్పుడూ ఆలోచించలేదు. ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపినవి కాబట్టి ఒకటి తెగితే అన్నీ ఆగుతాయి. నేను పోయిన బల్బును కత్తిరించి పారేసి, రెండు తీగ కొసలనూ మెలివేసి, టేపు చుట్టాను. అన్నీ వెలిగాయి. మర్నాడు ఇంకొకటి పోయింది, అలాగే చేశాను. ఆపైన వాటి వరుస ఆగలేదు. నాలుగు రోజుల్లో ఆరు బల్బులు తీసేశాను. చిత్రమేమిటంటే తీసేసిన కొద్దీ మిగిలినవి ఇంకా బాగా వెలిగాయి. ఇంటికి వచ్చిన వాళ్లంతా ఈ ఏడాది దీపాలు భలే ఉన్నాయన్నారు. అదంతా నా పనితనమే అనుకుని పొంగిపోయాను.

లెక్క చాలా చిన్నది. 240 వోల్టుల కరెంటును 40 బల్బులు పంచుకుంటే తలా ఆరు వోల్టులు. ఆరు బల్బులు తీసేస్తే అదే కరెంటును 34 పంచుకోవాలి, ఒక్కోదాని వాటా ఏడు దాటుతుంది. అందుకే వెలుగు పెరిగింది, దాంతో పాటు వేడీ పెరిగింది. అంత వేడి మోయలేకనే అవి అంత తొందరగా పోయాయి. ఒక బల్బు పోయిన ప్రతిసారీ మిగిలిన వాటిని నా చేతులతో నేనే మరింత కాల్చాను. వాటి మీద దూది ఉంది.

24వ తేదీ సాయంత్రం ఇంట్లో నేనూ మీ అమ్మా మాత్రమే ఉన్నాం. దానికప్పుడు పదేళ్లు. చెట్టు దగ్గర కూర్చుని కొమ్మ మీది దూదిని ముట్టుకుంటూ ఆడుకుంటోంది. ఉన్నట్టుండి, "అన్నయ్యా, మంచు వేడిగా ఉందేమిటి?" అంది. నేను పక్క గదిలో నక్షత్రానికి కాగితం అంటిస్తున్నాను. ఏదో ఆటలో మాట అనుకుని పట్టించుకోలేదు. కాసేపటికి మళ్లీ, "మంచు గోధుమ రంగులోకి మారుతోంది" అంది. అప్పటికి నా ముక్కుకూ వాసన తగిలింది, ఇస్త్రీ పెట్టె మరిచిపోతే గుడ్డ కాలే వాసన. పరుగెత్తి ప్లగ్గు పీకేశాను. ఒక కొమ్మ మీద దూది రూపాయి బిళ్లంత మేర గోధుమ రంగుకు తిరిగి, నడుమ నల్లబడి, అంచు సన్నగా ఎర్రగా రాజుకుంటోంది. అరచేతులతో నలిపేశాను. కుడి చేతిలో ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చిన్నప్పుడు ఇదేమిటని నువ్వడిగితే ఏదో కట్టుకథ చెప్పి తప్పించుకున్నాను.

ఆ మాట రెండోసారి అనకుండా మీ అమ్మ ఆటలో పడిపోయి ఉంటే? నలభై ఏళ్లు దాటినా ఆ ఆలోచన వచ్చిన రాత్రి లేచి కూర్చుంటాను. మీ తాతయ్య వచ్చేలోపు దూదంతా పీకేశాం. చెట్టు బోసిగా ఉందేమని అడిగితే, "నాకు దూది పడలేదు నాన్నా, తుమ్ములు వచ్చాయి" అంది మీ అమ్మ. ఆ అబద్ధాన్ని ఇంతవరకు కాపాడింది. అందుకే నీ తెల్ల అలంకరణ గురించి అంత మామూలుగా చెప్పినా, కావాలనే నా చెవిన వేసిందని నా అనుమానం.

నాకు అప్పుడు ఉన్న భ్రమ ఒక్కటే, కరెంటు దీపమంటే మంట లేని దీపమని. చెట్టు మీద కొవ్వొత్తులు వెలిగించే రోజుల్లో పక్కనే నీళ్ల బకెట్టు సిద్ధంగా పెట్టుకునేవారు. 1882లో న్యూయార్క్‌లో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ తన ఇంట్లో ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో 80 బల్బులతో చెట్టును అలంకరించాడు. దీపం మారింది, బకెట్టు పోయింది. భయం కూడా బకెట్టుతోనే పోయింది, అదే చిక్కు.

ఇప్పటి ఎల్‌ఈడీ దీపాలు అంత వేడెక్కవు, నిజమే. అయినా ఏ తీగనూ కత్తిరించి అతకకు, పాడైతే పారేయి. కట్టే ముందు నేల మీద పరిచి గంటసేపు వెలిగించి చూడు. తీగలు తివాచీ కింద నుంచి తీసుకెళ్లకు. ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఇంకో బాక్సు తగిలించకు. పడుకునే ముందు అన్నీ ఆర్పేయి. నిజం చెట్టు తెస్తే కాండం అడుగున ఒక అంగుళం కోసి, రోజూ నీళ్లు పోస్తూ ఉండు. అది తాగినన్నాళ్లు పచ్చగా ఉంటుంది, ఎండిందంటే ఇంట్లో ఉంచకు.

తెలుపు వద్దని అనడం లేదు తల్లీ. మంచును కొమ్మల మీద పోయకు, అంతే. తెల్ల గాజు, వెండి గంటలు, పాలరంగు రిబ్బను, వెలుగులో మెరిసే స్ఫటికాలు, ఇవి చాలు. దీపాల రంగు మాత్రం జాగ్రత్తగా ఎంచుకో. డబ్బా మీద వెలుగు ఛాయను చెప్పే అంకె ఉంటుంది, అది 2700K అయితే పసుపు ఛాయ, 6000K దాటితే నీలం ఛాయ. రెండూ కలిపావంటే తెలుపు తెలుపులా ఉండదు, ఒక పక్క ఉతికిన బట్టలా, ఇంకో పక్క ఉతకని బట్టలా ఉంటుంది. తెల్ల ఇంటికి పసుపు ఛాయే నప్పుతుంది, లేకపోతే ఆసుపత్రి వరండా గుర్తొస్తుంది. ముందు దీపాలు, తర్వాత బంతులు. పెద్దవి కాండం దగ్గరగా లోపలికి, చిన్నవి కొసలకు.

పశువుల పాకను మాత్రం తెల్లగా చేయకు. 1223లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే సాధువు ఇటలీలోని గ్రెచో అనే ఊళ్లో, యేసు పుట్టిన పాకను జనానికి చూపించడానికి నిజం ఎద్దునూ గాడిదనూ తెచ్చి పెట్టాడు. ఆ పాకకు మట్టి రంగే అందం. లోపల పరిచే గడ్డిలో బల్బు దాచవద్దని మళ్లీ చెప్పాలా?

నక్షత్రం కట్టడానికి నువ్వు నిచ్చెన ఎక్కకు. నేను 22నే వస్తున్నాను. నా సంచిలో టెస్టర్ ఉంటుంది, కొత్త తీగలు రెండు ఉంటాయి. నీ చెట్టు ఏ మూల పెడతావో, అక్కడి నుంచి గోడ సాకెట్ ఎన్ని అడుగులో రేపు కొలిచి చెప్పు. మరో పని, ఈ ఉత్తరం చదివాక మీ అమ్మను పిలిచి, మంచు ఎప్పుడైనా వేడిగా ఉంటుందా అని అడుగు. ఏమంటుందో నాకు రాయి.

నీ
మామయ్య