పాత యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌తో మిద్దె మీద వాతావరణ కెమెరా: అనంతపురం అనుభవం

మీరు అడిగింది ఇది: అనంతపురంలో మీ మిద్దె మీద ఉష్ణోగ్రత, తేమ, గాలి, వాన కొలిచే చిన్న వాతావరణ కేంద్రం ఇప్పటికే నడుస్తోంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ ఆ అంకెలను నమోదు చేస్తోంది. ఇంట్లో ఉన్న పాత యూఎస్‌బీ వెబ్‌క్యామ్‌తో ఆకాశం ఫొటోలు తీయించవచ్చా, లేక నెట్‌వర్క్ ద్వారా ఫొటోలు పంపే ఐపీ కెమెరా కొనాలా అన్నది మీ సందేహం. పాతదే చాలు. నేనూ ఈ ఊళ్లోనే కొన్నేళ్లుగా అలాంటి వెబ్‌క్యామ్‌తోనే ఈ పని చేయిస్తున్నాను. అయితే మన ఎండకు, దుమ్ముకు, కరెంటు కోతలకు తగినట్టు దాన్ని అమర్చుకోవాలి. కెమెరా ఎన్ని పిక్సెళ్లదన్న దానికన్నా దాన్ని ఎక్కడ, ఎలా పెట్టామన్నదే ఎక్కువ ముఖ్యం.

ముందుగా ఆ కెమెరాతో ఏ పని చేయించాలో తేల్చుకోండి. సూర్యాస్తమయాల అందం కోసమైతే చేతిలోని ఫోను చాలు. వాతావరణ కేంద్రం పక్కన కెమెరా ఉండాల్సింది మిగతా పరికరాలకు సాక్షిగా. మన జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. పడేదే తక్కువ కాబట్టి ప్రతి చినుకూ లెక్కలోకి రావాలి. కానీ వాన కొలిచే రెయిన్ గేజ్ గరాటులోకి ఎర్రమట్టి దుమ్ము చేరుతుంది, చీమలు గూడు పెడతాయి, పావురాలు రెట్ట వేస్తాయి. కన్నం మూసుకుపోతే బయట జోరుగా వాన పడుతున్నా తెర మీద సున్నా కనిపిస్తుంది. దీనికి పూర్తిగా తిరగబడిన పరిస్థితీ ఉంది. ఆషాఢ మాసపు గాలికి గేజ్‌ను బిగించిన గొట్టం ఊగితే, వానను లెక్కించే లోపలి చిన్న తక్కెడ దానంతటదే ఒరిగి, పడని వానను 0.2 మిల్లీమీటర్లుగా నమోదు చేస్తుంది. ఆ క్షణపు ఫొటో పక్కన ఉంటే రెండు పొరపాట్లూ అక్కడికక్కడే బయటపడతాయి.

అందుకే ఫ్రేము అంతా ఆకాశంతో నింపవద్దని నా సలహా. పై రెండు వంతులు ఆకాశం, దాని కింద దిగంతం, అడుగున మిద్దె నేల కాస్త కనిపించాలి. ఈ నేల ముక్కే అన్నిటికన్నా పనికొచ్చే భాగం. చలువ కోసం తెల్ల రంగు వేసిన మిద్దె అయితే తడిసినా ఫొటోలో తేడా తెలియదు. అలాంటప్పుడు పాలిష్ చేయని తాడిపత్రి బండ ముక్కను ఫ్రేములో పడేలా పరచండి. నాలుగు చినుకులు పడగానే అది నల్లబడుతుంది, ఆరగానే మళ్లీ బూడిద రంగుకు వస్తుంది. వాన ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు నిలిచింది, ఎంతసేపటికి నేల ఆరింది అన్న మూడు సంగతులూ ఆ ఒక్క బండ చెబుతుంది.

దిగంతంలో గుర్తులు ఎంచుకోండి. దగ్గరలో ఒక నీళ్ల ట్యాంకు, కొంత దూరంలో సెల్ టవరు, ఇంకా దూరంలో ఒక కొండ ఉంటే చాలు. మా మిద్దె నుంచి బుక్కరాయసముద్రం దేవరకొండ ఫ్రేము కుడి అంచున పడుతుంది. మీ ఇంటి నుంచి ఏవి కనిపిస్తాయో చూసి, వాటి దూరాలు మ్యాపులో కొలిచి రాసిపెట్టుకోండి. వేసవి దుమ్ములోనూ, శీతాకాలపు మంచులోనూ ఏ గుర్తు మాయమైందో చూస్తే చూపు ఎంత దూరం ఆనుతోందో తెలుస్తుంది. వాతావరణ శాస్త్రంలో చూపు కిలోమీటరుకన్నా తక్కువకు పడిపోతేనే దాన్ని పొగమంచుగా లెక్కిస్తారు. కాబట్టి కిలోమీటరు దూరంలో ఒక గుర్తు తప్పనిసరిగా ఉండేలా చూసుకోండి.

దిక్కు విషయానికి వస్తే, ఉత్తరానికే నా ఓటు. నైరుతి మేఘాలు వచ్చేది పడమటి వైపు నుంచి కదా, అటు తిప్పితే బాగుండదా అనిపిస్తుంది. కానీ పడమరకు తిప్పిన కెమెరా రోజూ సాయంత్రం సూర్యుణ్ని నేరుగా చూస్తుంది. ఫొటో తెల్లగా మాడిపోవడమే కాదు, ఏళ్ల తరబడి అలా ఎండ తగిలితే సెన్సారు కూడా దెబ్బతింటుంది. మన ఊరు సుమారు 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కొద్దిగా ఉత్తరంగా వెళతాడు. అప్పుడైనా నడినెత్తి నుంచి 9 డిగ్రీలకు మించి జరగడు కాబట్టి, దిగంతం వైపు పెట్టిన కెమెరాకు అందడు. జూన్ నెలాఖరులో సూర్యోదయం తూర్పుకు 24 డిగ్రీల దాకా ఉత్తరంగా జరుగుతుంది. 60, 70 డిగ్రీల వెడల్పు చూసే మామూలు వెబ్‌క్యామ్‌ను సరిగ్గా ఉత్తరానికి పెడితే అదీ ఫ్రేములో పడదు. ఈశాన్య రుతుపవనాల కాలంలో అటు నుంచి వచ్చే మేఘాలు బాగా కనిపించడం అదనపు లాభం. పడమటి మేఘం కమ్ముకొస్తే ఆకాశపు వెలుగు తగ్గడం ఉత్తరపు ఫొటోలోనూ తెలిసిపోతుంది.

ఇక ఎండ సంగతి. ఇక్కడే ఎక్కువ కెమెరాలు పాడవుతాయి. చాలా వెబ్‌క్యామ్‌లను గదిలో వాడటానికి, సుమారు 40 డిగ్రీల వరకు తట్టుకునేలా తయారుచేస్తారు. రోహిణి కార్తెలో మన మిద్దె మీద నీడలోనే అంత వేడి ఉంటుంది. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాను ఎండలో పెడితే లోపలి వేడి ఇంకెంతో పెరుగుతుంది. అందువల్ల మిద్దె మీది మెట్ల గదికి ఉత్తరాన కిటికీ ఉంటే ఇంకేమీ ఆలోచించకుండా లోపలే, అద్దం వెనక పెట్టేయండి. లెన్సు అద్దానికి ఆనుకుని ఉండాలి. చుట్టూ నల్లగుడ్డ కానీ నల్ల అట్ట కానీ తొడిగితే గదిలోని ప్రతిబింబాలు పడవు. బయటి వైపు కిటికీ మీద సన్‌షేడ్ ఉంటే చినుకులు అద్దాన్ని తాకడం తగ్గుతుంది.

బయట పెట్టక తప్పకపోతే తెల్ల రంగు వేసిన పెట్టె వాడండి. పక్కల కింది భాగంలోనూ, పై అంచు దగ్గరా గాలి ఆడే రంధ్రాలు ఉండాలి, వాటికి సన్నని జాలీ బిగించాలి. పైకప్పు మీద వేలెడు ఎడంతో ఇంకో రేకు పెడితే ఎండ నేరుగా పెట్టెను తాకదు. జాలీ లేకపోతే కందిరీగలు, బల్లులు లోపల కాపురం పెడతాయి. సాలెగూడు లెన్సు ముందే అల్లుకుంటుంది, దాన్ని మాత్రం వారానికోసారి చేత్తో తుడవాల్సిందే. కోతులు తిరిగే వీధి అయితే కేబుల్‌ను పైపులోంచి లాగండి, బయటికి వేలాడితే పీకేస్తాయి. కెమెరాను గాలి కొలిచే గొట్టానికి మాత్రం బిగించవద్దు. గాలికి అదురుతుంది, పైగా అది ఇంటి మీద అన్నిటికన్నా ఎత్తయిన చోటు కాబట్టి పిడుగు భయం ఎక్కువ. పిట్టగోడ ఎత్తు దాటకుండా ఉంచడం మేలు.

కేబుల్ దగ్గర చాలామంది ఇబ్బంది పడతారు. యూఎస్‌బీ 2.0 మామూలు కేబుల్‌కు పరిమితి 5 మీటర్లు. కెమెరాకు వచ్చిన కేబుల్, దానికి మీరు కలిపే ఎక్స్‌టెన్షన్, రెండూ కలిపి ఆ లెక్కలోకి వస్తాయి. సన్నని తీగల చవక ఎక్స్‌టెన్షన్ అయితే అంత పొడవు కూడా తట్టుకోదు. వోల్టేజీ పడిపోయి కెమెరా కాసేపు కనిపించి మాయమవుతుంది. మెట్ల గది నుంచి కింది హాలు దాకా కేబుల్ లాగే బదులు, రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌నే కెమెరా దగ్గర పెట్టి వైఫై ద్వారా ఫొటోలు కిందికి పంపడం నాకు నచ్చిన పద్ధతి. పొడవాటి రాగి తీగ లేకపోతే పిడుగు పడినప్పుడు ఆ దెబ్బ ఇంట్లోకి పాకే దారీ ఒకటి తగ్గుతుంది. గదిలో గాలి ఆడాలి. ఆ కంప్యూటర్ చిప్ 80 డిగ్రీలు దాటితే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఎడాప్టర్ కూడా దానికి తగినదే వాడండి. నాలుగో తరం రాస్ప్‌బెర్రీ పై అయితే 5.1 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. సరఫరా 4.63 వోల్టులకన్నా తగ్గితే అది హెచ్చరిక చూపిస్తుంది. వెబ్‌క్యామ్ తరచూ మాయమవుతుంటే కెమెరాను అనుమానించే ముందు ఆ హెచ్చరిక వస్తోందేమో చూడండి.

సాఫ్ట్‌వేర్ భాగం నిజానికి తేలిక. యూవీసీ అనే యూఎస్‌బీ కెమెరాల ఉమ్మడి ప్రమాణాన్ని పాటించే వెబ్‌క్యామ్ ఏదైనా, రాస్ప్‌బెర్రీ పైని నడిపే లినక్స్‌లో డ్రైవర్ వేయకుండానే పనిచేస్తుంది. ఎఫ్‌ఎస్‌వెబ్‌క్యామ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒక ఫొటో తీసి, దాని అడుగున తేదీ, సమయం ముద్రిస్తుంది. ఆ ముద్రను తీసేయకండి. కెమెరా ఆగిపోయినప్పుడు నిన్నటి ఆకాశాన్ని ఈరోజుదిగా చదవకుండా కాపాడేది అదే. ప్రోగ్రామ్‌ను, చెప్పిన వేళకు పనులు నడిపే క్రాన్ ద్వారా 5 నిమిషాలకోసారి నడిపించండి. వాతావరణ కేంద్రం అంకెలను నమోదు చేసే వీవెక్స్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నట్టయితే అది కూడా మామూలుగా 5 నిమిషాలకోసారే అంకెలు నమోదు చేస్తుంది కాబట్టి ప్రతి వరుసకూ ఒక ఫొటో జత కుదురుతుంది.

ఫొటోలు నల్లగా వస్తున్నాయని కెమెరాను పారేయకండి. తెరిచిన వెంటనే వచ్చే మొదటి ఫ్రేముల్లో వెలుతురు కొలత ఇంకా కుదిరి ఉండదు. మొదటి 20, 30 ఫ్రేములు వదిలేసి ఆ తర్వాతిది తీసుకోమని ప్రోగ్రామ్‌కు చెప్పాలి. కెమెరా నుంచి బొమ్మను ఎంజేపెగ్ అనే కుదించిన రూపంలో అడగండి. కుదించకుండా అడిగితే 1280 బై 720 బొమ్మలు సెకనుకు 30 చొప్పున సుమారు 440 మెగాబిట్లు అవుతాయి. యూఎస్‌బీ 2.0 కాగితం మీది సామర్థ్యమే 480, ఆచరణలో అంత దొరకదు. ఆటో ఫోకస్‌ను ఆపేయాలి, లేకపోతే అద్దం మీది చినుకు కనిపించిన ప్రతిసారీ కెమెరా దాని మీదికి పోతుంది. చాలా కెమెరాల్లో ఫోకస్ విలువ సున్నా పెడితే దూరపు కొండ స్పష్టంగా వస్తుంది. రంగులను సరిచేసే వైట్ బ్యాలెన్స్‌నూ పగటి వెలుగుకు, అంటే సుమారు 5500 కెల్విన్ల దగ్గర, స్థిరంగా పెట్టేయండి. ఆటోలో ఉంటే దుమ్ము లేచిన రోజున ఆకాశపు ఎరుపును కెమెరా తానే సవరించి మామూలుగా చూపిస్తుంది. మనకు కావలసిందే ఆ ఎరుపు. ఎంత వెలుతురు తీసుకోవాలో నిర్ణయించే ఎక్స్‌పోజర్‌ను మాత్రం ఆటోలోనే ఉంచండి, ఉదయానికీ మధ్యాహ్నానికీ వెలుగులో అంత తేడా ఉంటుంది. కరెంటు పోయి వస్తే కెమెరా ఈ అమరికలన్నీ మరిచిపోవచ్చు కాబట్టి ఫొటో తీసే స్క్రిప్టులోనే, ఫొటోకు ముందు, ప్రతిసారీ వీటిని మళ్లీ చెప్పించండి. స్క్రిప్టులో కెమెరాను లినక్స్ ఇచ్చే వీడియో0 అన్న పేరుతో కాకుండా పరికరం గుర్తింపు ఆధారంగా ఉండే పేరుతో పిలవండి, రీబూట్ అయినప్పుడు ఆ అంకెలు మారుతుంటాయి.

కరెంటు కోతలు తెచ్చే ఇంకో చిక్కు గడియారం. నాలుగో తరం వరకు రాస్ప్‌బెర్రీ పైలో సొంత గడియారం లేదు. కరెంటు వచ్చి ఇంటర్నెట్ రాకపోతే అది పాత సమయంతోనే లేచి, ఫొటోల మీద తప్పు సమయం ముద్రిస్తుంది. గాలివాన వచ్చినప్పుడే కరెంటూ ఇంటర్నెట్టూ రెండూ పోతాయి, అంటే సరిగ్గా మనకు కావలసిన ఫొటోలే చెడిపోతాయి. డీఎస్3231 అనే చిన్న గడియారపు మాడ్యూల్, దానికో బటన్ సెల్లు పెడితే ఈ సమస్య తీరుతుంది. దీనికి పెట్టే డబ్బు కెమెరా మీద పెట్టేదానికన్నా విలువైనదని నా అభిప్రాయం. ఫైలు పేరులో తేదీ, గంట, నిమిషం ఉండేలా చూడండి. వాతావరణ శాఖ ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు పడిన వానను ఒక రోజు లెక్కగా తీసుకుంటుంది. పేపర్లో వచ్చిన అంకెతో మీ అంకెను పోల్చాలంటే ఫొటోలను కూడా ఆ గంటల ప్రకారం విడదీయగలగాలి.

నిల్వకు పెద్ద ఖర్చు లేదు. ఉదయం 5.30 నుంచి రాత్రి 7 వరకు 5 నిమిషాలకోసారి తీస్తే రోజుకు 160 చిల్లర ఫొటోలు. ఒక్కొక్కటి 200 కేబీ అనుకున్నా నెలకు ఒక జీబీ చుట్టూ అవుతుంది. మెమరీ కార్డు మీద అస్తమానం రాయడం దాని ఆయుష్షును తగ్గిస్తుంది కాబట్టి పెన్ డ్రైవ్‌లోకి పంపండి. రాత్రి ఫొటోలు వెబ్‌క్యామ్‌కు అలవి కావు, వదిలేయండి.

ఒక మాట మొహమాటం లేకుండా చెప్పాలి. పక్కింటి మిద్దె ఫ్రేములో పడకూడదు. అక్కడ బట్టలు ఆరేస్తారు, వేసవిలో పడుకుంటారు. కెమెరాను పైకెత్తినా తప్పకపోతే ఆ భాగాన్ని ఫొటో సేవ్ అయ్యే ముందే కత్తిరించే ఏర్పాటు చేయండి. పొరుగువారిని పిలిచి తెర మీద ఏం కనిపిస్తుందో చూపించండి. మైకును పూర్తిగా ఆపేయండి.

ఐపీ కెమెరా ఎప్పుడు కొనాలంటే, కంప్యూటర్‌ను కెమెరాకు 5 మీటర్ల లోపు పెట్టే చోటు లేనప్పుడు, కిటికీ దొరక్క ఎండావానల్లోనే ఉంచాల్సి వచ్చినప్పుడు, లేదా రాత్రి కూడా చూడాలనుకున్నప్పుడు. అప్పుడు కూడా ఫోకస్, వైట్ బ్యాలెన్స్ చేత్తో అమర్చే వీలుందో లేదో, ఫొటోను ఏ కంపెనీ సర్వరుకూ పంపకుండా నేరుగా మీ కంప్యూటర్‌కు ఇస్తుందో లేదో అడిగి తీసుకోండి. కాకపోతే ముందు మీ పాత వెబ్‌క్యామ్‌ను కిటికీకి టేపుతో అంటించి వారం రోజులు నడిపి చూడండి. దిక్కు, ఎత్తు, ఫ్రేము కుదిరాయనిపించాక మేకులు కొట్టొచ్చు. మృగశిర కార్తెకు ముందే ఆ పని అయిపోతే, వేరుశనగ విత్తడానికి పదునయ్యే తొలి వానలు మీ ఫొటోల్లోకి ఎక్కుతాయి.