మన ప్లాటు, వేరొకరి వేలిముద్ర

దొంగ ఆధార్‌తో యజమానిలా నటించి ఆస్తి అమ్మేసిన వ్యవహారాల మీద ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. అయిదింటికి జవాబులు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు తీసేశాం.

ప్రశ్న: 2006లో హైదరాబాద్ శివార్లలో 267 గజాల ప్లాటు నా పేరు మీద కొన్నాం. ఉద్యోగాల కోసం డాలస్ వచ్చేశాం. మొన్న ఈసీ (ఆస్తి మీద నమోదైన లావాదేవీల జాబితా) తీయిస్తే 2024 నవంబరులో నేనే ఆ ప్లాటు అమ్మినట్టు పడింది. ఆ నెలలో నేను ఇండియాకే రాలేదు. కొన్నాయన గోడ కట్టి రేకుల షెడ్డు కూడా వేశాడట. ప్లాటు పోయినట్టేనా? ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి? నేను రాక తప్పదా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: పోలేదు. మన దగ్గర రిజిస్ట్రేషన్ అంటే దస్తావేజును నమోదు చేయడమే. హక్కుకు ప్రభుత్వం పూచీ పడటం కాదు. అమ్మేవారికి నిజంగా హక్కు ఉందా అని ఆరా తీయడం సబ్‌రిజిస్ట్రార్ పని కాదని 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసొకదానిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. ఎవరో ఒకావిడ మీ పేరు చెప్పుకుని సంతకం పెడితే కొన్నాయనకు ఏ హక్కూ రాదు. అయితే ఆ కాగితం రికార్డులో ఉన్నంత కాలం దాన్నే లింకు డాక్యుమెంటుగా (హక్కు ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజుగా) చూపించి ఇంకొకరికి అమ్మొచ్చు, బ్యాంకులో పెట్టి అప్పు తేవొచ్చు. తొందర పడాల్సింది అందుకే.

పోలీసుల కంటే ముందు ఆ 2024 దస్తావేజు సర్టిఫైడ్ కాపీ (సీసీ) తీయించండి. ఆస్తి దస్తావేజులు నమోదయ్యే ఒకటో పుస్తకం నుంచి నకలు ఎవరైనా అడగొచ్చు, మీవాళ్లెవరైనా తేగలరు. అందులో అన్నిటికంటే విలువైనది ఫోటోలు, వేలిముద్రలు ఉన్న పేజీ. రిజిస్ట్రేషన్ చట్టంలో 2001లో చేర్చిన 32ఏ సెక్షన్ ప్రకారం అమ్మినవారివే కాదు, కొన్నవారి ఫోటో, వేలిముద్రలు కూడా దస్తావేజుకు ఉండాలి. మీరు 2006లో కొన్నారు కాబట్టి మీ ముద్ర కూడా ప్రభుత్వ రికార్డులోనే ఉంది. ఆ రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టి నిపుణుడి చేత పోల్పిస్తే కేసులో సగం తేలిపోతుంది.

ఆ తర్వాత సొమ్ము ఎలా చేతులు మారిందో చూడండి. చెక్కు అనో డీడీ అనో రాసి ఉంటే మీ పేరుతో ఎవరో ఖాతా తెరిచారన్నమాట. ఆ ఖాతా తెరిచినప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు, ఫోటో దొంగ దాకా తీసుకెళ్తాయి. మొత్తం నగదే అని ఉంటే కొన్నాయన అమాయకత్వాన్ని కూడా శంకించాల్సిందే. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోకూడదని ఆదాయపు పన్ను చట్టం ఎప్పటినుంచో చెబుతోంది. సాక్షులెవరు, డాక్యుమెంటు రాసిందెవరు, లింకుగా మీ ఒరిజినల్ పెట్టారా, సీసీ పెట్టారా అన్నవి కూడా రాసుకోండి. ఒరిజినల్ మీ బీరువాలోనే ఉంటే ఆ సంగతి ఫిర్యాదులో మొదటి పేరాలోనే రావాలి. దాంతోపాటు పాస్‌పోర్టు పేజీల నకళ్లు, అమెరికా ఐ-94 రాకపోకల చరిత్ర జత చేయండి.

నేరం 2024 జులై 1 తర్వాతది కనుక భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది: ఇంకొకరిలా నటించి చేసిన మోసానికి 319, మోసానికి 318(4), విలువైన పత్రం ఫోర్జరీకి 338, దాన్ని అసలుదిగా వాడినందుకు 340. వీటితోపాటు రిజిస్ట్రేషన్ చట్టం 82వ సెక్షన్ కూడా రాయమని అడగండి. సబ్‌రిజిస్ట్రార్ ఎదుట ఇంకొకరిలా నటించడం దాని కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. స్టేషన్లో 'ఇది సివిల్ తగాదా' అనడం మామూలే. ఆ మాటకు జవాబు 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పులోనే ఉంది. తనది కాని ఆస్తిని తన సొంత పేరుతో అమ్మితే అది ఫోర్జరీ కాదు, కానీ ఇంకొకరి పేరు పెట్టుకుని సంతకం చేస్తే అది దొంగ పత్రమే అని ఆ తీర్పు తేడా చూపించింది. అందుకే ఫిర్యాదులో 'నా స్థలం కబ్జా చేశారు' అని మొదలుపెట్టకండి. 'నా పేరుతో వేరే మనిషి సంతకం, వేలిముద్ర వేసింది' అని మొదలుపెట్టండి. ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఎస్పీకో కమిషనర్‌కో రాతపూర్వకంగా పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. ఫిర్యాదు మీరే ఇవ్వాలనేం లేదు, విషయం తెలిసిన తమ్ముడో మరిదో ఇచ్చినా చెల్లుతుంది.

క్రిమినల్ కేసు దొంగను పట్టిస్తుందే గానీ స్థలాన్ని తెచ్చిపెట్టదు. దానికి సివిల్ దావా వేయాలి. ఏమని వేస్తారన్నదే ఇక్కడ కీలకం. సంతకం పెట్టినవాళ్లు ఆ దస్తావేజును రద్దు చేయమని అడగాలి. పెట్టనివాళ్లు అది చెల్లదని, తమను కట్టడి చేయదని ప్రకటించమంటే చాలు. 2010లో సుప్రీంకోర్టు ఈ తేడా తేల్చింది, కోర్టు ఫీజు లెక్క కూడా దాన్నిబట్టే మారుతుంది. మీరు సంతకం పెట్టలేదు గనుక రెండో దారి. స్థలం ఇప్పుడు కొన్నాయన చేతిలో ఉంది కాబట్టి స్వాధీనం కూడా అడిగి తీరాలి. అడక్కపోతే ఒట్టి ప్రకటన ఇవ్వడం కుదరదని స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. హక్కు మీద నీలినీడలు పడ్డాక ఉత్త ఇంజంక్షన్ దావాతో (అవతలివాళ్లను అడ్డుకోమని మాత్రమే అడిగే దావాతో) సరిపెట్టుకోకూడదన్నది 2008లో వరంగల్ స్థలాల కేసులో వచ్చిన తీర్పు. అయినా చౌకగా తేలుతుందని ఇప్పటికీ అదే వేసి, ఏళ్లు గడిచాక ఓడిపోతున్నవాళ్లు ఉన్నారు.

గడువు: ప్రకటనకు మూడేళ్లు. మోసం వల్ల తెలియకుండా ఉంటే తెలిసిన రోజు నుంచి లెక్క. ఈసీ ఏ తేదీన తీయించారో ఆ రసీదు జాగ్రత్త చేయండి. స్వాధీనానికి పన్నెండేళ్లు ఉన్నాయి గదా అని ఆ ధీమాతో కూర్చోవద్దు. దావాతోపాటే ఇంకొకరికి అమ్మకుండా, ఇంకేమీ కట్టకుండా తాత్కాలిక ఉత్తర్వు అడిగి, దాని నకలు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి.

దావా నడపడానికి స్పెషల్ పవరాఫ్ అటార్నీ (ఆ ఒక్క పనికే మీ తరఫున అధికారమిచ్చే పత్రం) సరిపోతుంది. అక్కడ నోటరీ ఎదుట సంతకం చేసి అపోస్టిల్ (పత్రం మీది సంతకం, ముద్ర అసలువేనని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) వేయించండి, లేదా మన కాన్సులేట్‌లో చేయించండి. ఆ పత్రం ఇండియా చేరిన మూడు నెలల్లో దానికి స్టాంపు డ్యూటీ కట్టాలి. అయితే 'ఆ సంతకం నాది కాదు' అన్న సాక్ష్యం మాత్రం మీ తరఫున తమ్ముడు చెబితే చెల్లదు. మీకు మాత్రమే తెలిసిన విషయం మీ నోటే రావాలి. కోర్టు అనుమతిస్తే వీడియోలో చెప్పొచ్చు. వేలిముద్రల నమూనా కోసం మాత్రం ఒక్కసారి రావాల్సి వస్తుందనే అనుకుని సెలవు దాచుకోండి.

ప్రశ్న: దొంగ దస్తావేజును సబ్‌రిజిస్ట్రార్ చేతే రద్దు చేయిస్తాను, కోర్టు అక్కర్లేదు అని ఒక మధ్యవర్తి అంటున్నాడు. నమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: డబ్బు ఇవ్వకండి. ఒకసారి నమోదైన అమ్మకం దస్తావేజును సబ్‌రిజిస్ట్రార్ తనంతట తాను కొట్టేయలేడు. ఉమ్మడి రాష్ట్రం నాటి రిజిస్ట్రేషన్ నియమాల్లో 26(ఐ)(కె) ప్రకారం రద్దు దస్తావేజు మీద అమ్మినవారు, కొన్నవారు అందరూ సంతకం చేయాలి, లేదా కోర్టు ఉత్తర్వు ఉండాలి. కొన్నాయన మంచివాడై రద్దుకు ఒప్పుకున్నా ఇంకో మడతపేచీ ఉంది. మీరు 'అమ్మినవారు'గా రద్దు పత్రం మీద సంతకం పెడితే మొదటి అమ్మకం మీరే చేశారని ఒప్పుకున్నట్టు అవుతుంది. అలాంటప్పుడు దావా వేసి, ఆ దస్తావేజు మొదటి నుంచీ చెల్లదని రాజీ డిక్రీ తీసుకోవడం మేలు. డిక్రీ నకలు వెళ్లాక సబ్‌రిజిస్ట్రార్ తన రికార్డులో నోటు వేస్తాడు, ఆపై ఈసీలో కూడా కనిపించేలా చూసుకోండి.

ప్రశ్న: మేం మోసం చేసినవాళ్లం కాదు, మోసపోయినవాళ్లం. బ్యాంకు లోను తీసుకుని స్థలం కొన్నాం, ఇల్లు కట్టుకున్నాం. ఇప్పుడు అసలు యజమాని వచ్చాడు. బ్యాంకు లాయరు చూసి ఓకే అన్న కాగితాలే కదా అవి!
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ బాధ న్యాయమైనదే, చట్టం మాత్రం మీకు స్థలం ఇవ్వదు. మంచి నమ్మకంతో కొన్నవారిని కాపాడే ఆస్తి బదిలీ చట్టం 41వ సెక్షన్, అసలు యజమానే ఇంకొకరిని యజమానిలా లోకానికి చూపించినప్పుడు పనికొస్తుంది. ఇక్కడ ఆయనకు ఏమీ తెలియదు. బ్యాంకు లాయరు అభిప్రాయం బ్యాంకు కోసం తీసుకున్నది, మీకిచ్చిన హామీ కాదు, కాబట్టి కంతులు కూడా ఆగవు. మీకు మిగిలిన దారి 51వ సెక్షన్. హక్కు తనదేనని మంచి నమ్మకంతో కట్టిన కట్టడాలకు అది వర్తిస్తుంది. ఇంటి విలువ ఇచ్చి ఖాళీ చేయించడమో, ఖాళీ చేయించే నాటి మార్కెట్ ధరకు స్థలం మీకే అమ్మడమో తేల్చుకోమని అసలు యజమానిని అడగొచ్చు. 'మంచి నమ్మకం' రుజువు చేయాలంటే కొనే ముందు తీసిన ఈసీ, లీగల్ ఒపీనియన్, పేపర్లో వేయించిన ప్రకటన, బ్యాంకు ద్వారా కట్టిన సొమ్ము అక్కరకొస్తాయి. దొంగ మీద ఫిర్యాదు మీరు కూడా విడిగా ఇవ్వండి. డబ్బు పోయింది మీదే కాబట్టి మోసం కేసులో బాధితులు మీరే.

ప్రశ్న: నా పేరుతో ఎవరో మా ఇంటి మీద అప్పు తెచ్చారు. బ్యాంకు వాళ్లు స్వాధీనం నోటీసు తలుపుకు అంటించారు.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: నోటీసు తేదీ చూడండి. బ్యాంకులు తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకోవడానికి వాడే సర్ఫేసీ చట్టం 17వ సెక్షన్ కింద రుణ వసూళ్ల ట్రిబ్యునల్లో దరఖాస్తు వేయడానికి 45 రోజులే గడువు. అప్పు తీసుకున్నవారే కాదు, బాధపడిన ఎవరైనా వేయొచ్చు. తాకట్టు అసలు చెల్లదని తేల్చుకోవడానికి సివిల్ దావాకు అడ్డు లేదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ వేలం ఆపడానికి ముందు ట్రిబ్యునల్ గుమ్మం తొక్కండి. లోను దరఖాస్తు, కేవైసీ ఫోటో, డిపాజిట్ చేసిన టైటిల్ డీడ్ల కాపీలు ఇవ్వమని బ్యాంకుకు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. సిబిల్ రిపోర్టులో ఆ అప్పు మీద విడిగా అభ్యంతరం పెట్టండి. దాన్ని 30 రోజుల్లో తేల్చకపోతే, ఆపై ఆలస్యమైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి ఉంది.

ప్రశ్న: నాన్నగారికి 78 ఏళ్లు. అనంతపురంలో ఇల్లు, ఊళ్లో నాలుగెకరాలు ఉన్నాయి. మేమంతా బెంగళూరులో ఉంటాం. ముందు జాగ్రత్తగా ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: మూడు నెలలకోసారి ఈసీ తీయండి. ఇంటికైతే డోర్ నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఇంకోసారి, మీ దస్తావేజు నంబరుతో మరోసారి వెతకండి. దొంగలు డోర్ నంబరు వదిలేసి సర్వే నంబరుతోనే రాయడం, సరిహద్దుల్లో ఒక దిక్కు మార్చడం చేస్తారు. ఒక్క విధంగా వెతికితే అది కనబడదు. పొలానికి ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు మీభూమిలో 1బి (యజమాని వివరాలు), అడంగల్ (సాగు వివరాలు) చూడండి.

నాన్నగారి ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి, ఎవరికిచ్చినా మాస్క్ చేసిన కాపీయే (నంబరులో చివరి నాలుగు అంకెలే కనిపించేది) ఇవ్వండి. 2018లో తెలంగాణలో రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను రబ్బరు ముద్రలుగా మార్చి వేల సిమ్ కార్డులు తీసిన ఉదంతం బయటపడింది. అందుకే బేరం కుదరకముందే బ్రోకర్ల వాట్సాప్‌లకు దస్తావేజు మొత్తం పంపకండి. ఫోటో, ముద్రల పేజీ తీసేసి పంపండి.

ఎవరైనా అమ్మే ప్రయత్నంలో ఉన్నారని పసిగడితే సబ్‌రిజిస్ట్రార్‌కు అభ్యంతరం ఇవ్వండి. అందులో 'ఆస్తి మాది' అని ఎన్ని పేజీలు రాసినా ఆయన పట్టించుకోనక్కర్లేదు. రిజిస్ట్రేషన్ నియమాల్లో 58వది ఆయన వినాల్సిన అభ్యంతరాలేవో చెబుతోంది. వాటిలో మీకు పనికొచ్చేవి ఇవి: వచ్చిన మనిషి తాను చెప్పుకుంటున్న మనిషి కాదు, పత్రం ఫోర్జరీ, ప్రతినిధిగా వచ్చినవాడికి ఆ అధికారం లేదు, చనిపోయాడంటున్న మనిషి బతికే ఉన్నాడు. ఇవే మాటలు వాడి, నాన్నగారి తాజా ఫోటో, సంతకం నమూనా జత చేసి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి.