వాకిట్లో తంగేడు పెంచదలచిన మేనకోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు మేనత్త ఆశీస్సులు.

కొత్త ఇంటి ముందున్న ఖాళీ జాగాలో తంగేడు పెంచాలనుకుంటున్నానని, ఎలా మొదలు పెట్టాలో చెప్పమని రాశావు. బతుకమ్మ పండుగకు ముందు రోజు నగరంలోని మార్కెట్లో వాడిపోయిన తంగేడు కట్టలను బేరమాడి కొనడం కంటే నాలుగు మొక్కలను ఇంట్లోనే పెంచుకోవడం ఎంతో మేలు. అయితే ఒక మాట ముందే చెబుతాను. నీవు గులాబీలను, మల్లెలను సాకిన చేతులతో, అదే ప్రేమతో తంగేడును సాకబోతే అది బతకదు. నీళ్లు, ఎరువు ఇవ్వకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం ఈ మొక్క విషయంలో నీవు నేర్చుకోవలసిన అసలు పని.

మొదటిసారి నేను చేసిన తప్పు నీవు చేయవద్దు. జనగామ వైపు రోడ్డు పక్కన మోకాలెత్తు మొక్క కనిపిస్తే, గడ్డపారతో తవ్వించి, మట్టిగడ్డతో సహా తెచ్చి పెరట్లో నాటాను. పది రోజులకే ఆకంతా రాలిపోయింది. తంగేడుకు చిన్నతనం నుంచే తల్లివేరు నేలలోకి లోతుగా దిగుతుంది, మొక్కను పెకలిస్తే ఆ వేరు తెగుతుంది, తెగిన తరువాత మనం ఎన్ని నీళ్లు పోసినా మొక్క కోలుకోవడం కష్టం. రెండోసారి ఒక నర్సరీలో తంగేడని చెప్పి అమ్మిన మొక్కను కొన్నాను. పసుపుపచ్చగా పూసింది కానీ అది తంగేడు కాదు. ఈ జాతిలో పసుపు పూల మొక్కలు చాలా ఉన్నాయి కనుక పువ్వును మాత్రమే చూసి నమ్మకూడదు. ఆకు కాడ కొమ్మను తాకే చోట చిన్న చెవుల వంటి గుండ్రని రేకులు రెండు ఉండాలి. శాస్త్రజ్ఞులు దీని పేరులో చెవి అనే అర్థం వచ్చే మాట చేర్చింది వాటిని చూసే.

కనుక విత్తనంతోనే మొదలు పెట్టు. కాయలు పలుచగా, కాగితంలా బల్లపరుపుగా ఉంటాయి, గోధుమరంగుకు తిరిగి ఎండిన తరువాతే కోయాలి. గింజ పైతోలు ఎంత గట్టిదంటే, అలాగే విత్తితే నీరు లోపలికి చేరక ఆ ఏడంతా కదలకుండా పడి ఉంటుంది. మరిగించి పొయ్యి మీద నుంచి దించిన నీళ్లను కాస్త చల్లారనిచ్చి, అందులో గింజలను వేసి ఒక రాత్రి ఉంచు. తెల్లవారేసరికి ఉబ్బినవాటిని విత్తు, ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క మాత్రమే నెమ్మదిగా రుద్ది మళ్లీ నానబెట్టు.

మృగశిర కార్తెలో వాన పడి నేల తడిసిన మరునాడు, మొక్క ఎక్కడ పెరగాలో అక్కడే, సగం వేలి కణుపు లోతున, ఒక్కో గుంటలో మూడేసి గింజలు పెట్టు. గుంటకూ గుంటకూ నాలుగైదు అడుగుల ఎడం ఉండాలి. మొలకలు జానెడు ఎత్తుకు వచ్చాక బలమైనదాన్ని ఉంచి మిగతావాటిని కత్తిరించు, పీకితే పక్కదాని వేరు కదులుతుంది. రోజంతా ఎండ పడే చోటు తప్పనిసరి. ఇల్లు కట్టగా మిగిలిన మొరం జాగా నిండా పరచుకుని ఉందని దిగులు పడ్డావు కదా, ఎర్ర చెలకల్లో, మొరం దిబ్బల మీద పుట్టి పెరిగే ఈ మొక్కకు అది వరమే అనుకో. నీరు నిలిచే పల్లం మాత్రం పనికిరాదు. కుండీలో పెంచాలని మాత్రం అనుకోకు, ఆ వేరుకు కుండీ చాలదు.

మొదటి ఎండాకాలంలో వారానికి ఒకసారి నీళ్లు పోస్తే చాలు, రెండో ఏటి నుంచి అదీ అక్కరలేదు. పశువుల ఎరువు వేస్తే ఆకు గుబురుగా వస్తుంది, పూత మాత్రం తగ్గుతుంది. నిజానికి మన పెద్దలు తంగేడు ఆకునే పచ్చిరొట్టగా వరిమడిలో తొక్కేవారు, దాని చెక్కతో తోళ్లు పదును చేసేవారు.

పూత కొత్త చిగురు చివరన వస్తుంది కనుక రోహిణి కార్తెలో కొమ్మలను మూడో వంతు కత్తిరించు. వానలకు వచ్చిన చిగుళ్లు బతుకమ్మ తొలిరోజైన ఎంగిలిపూల నాటికి పూతకు వస్తాయి. కత్తిరించిన ఆకును నీ కూరగాయల మళ్లలో వేసుకో. మొదటి ఏడు పూయలేదని బెంగపడకు.

వానాకాలంలో ఆకులను పచ్చటి పురుగులు తినడం చూస్తావు. మందు కొట్టవద్దు. అవి తెల్లగా, లేత పసుపుగా ఎగిరే సీతాకోకచిలుకల పిల్లలు, తంగేడు జాతి ఆకులే వాటికి ఆహారం. తిన్నంత తిని పోతాయి, మొక్క మళ్లీ చిగురిస్తుంది. పువ్వులో తేనె ఉండదు, అయినా నల్లటి పెద్ద తుమ్మెదలు వచ్చి పువ్వును పట్టుకుని గట్టిగా ఝుంకరిస్తాయి. పుప్పొడి కేసరాల కొనన ఉన్న చిన్న రంధ్రాల్లోంచి ఆ అదురుకే రాలుతుంది. ఉదయాన్నే కాసేపు నిలబడి చూడు.

పండుగకు పూలు కోసేటప్పుడు గుత్తిని మాత్రమే కోయి, కొమ్మను విరవకు. 2014లో తంగేడును రాష్ట్ర పుష్పంగా ప్రకటించుకున్నాం కానీ, పండుగ వారంలో మోడు మిగిలేలా నరికి ఆటోలకెత్తే తీరు మారలేదు, చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఒక్కో మొక్క మీద నాలుగో వంతు పూలనైనా కాయలకు విడిచిపెట్టు.

మా గట్టు మీద మొన్న చలికాలంలో కోసిన కాయలను ఈ ఉత్తరంతో గుడ్డ సంచిలో పంపుతున్నాను. ప్లాస్టిక్ కవరులోకి మార్చకు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. వానలు పడేదాకా కాయలోనే ఉంచి, విత్తే ముందు రోజు వలుచుకో. కొన్ని గింజలకు చిన్న రంధ్రాలు ఉంటాయి, వాటిని ఏరి పారెయ్యి, లోపల పురుగు తిన్నది.

ఇట్లు,
నీ మేనత్త