అమెరికా జాతీయ చిహ్నాలపై విదేశీ విద్యార్థులకు రెండు గంటల క్లాసు: ఏం చెప్పాలి, ఎలా నడపాలి

మీరు అడిగింది ఇదీ: ఆగస్టులో కొత్తగా దిగే పాతికమంది విద్యార్థులకు (మన తెలుగువాళ్లు, చైనా, నేపాల్, నైజీరియా పిల్లలు) యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు తరఫున రెండు గంటల పాటు అమెరికా సంస్కృతి, జాతీయ చిహ్నాలు పరిచయం చేయాలి. జెండా, గద్ద, లిబర్టీ విగ్రహం, రష్‌మోర్ కొండ మీద నలభై స్లైడ్లు తయారుగా ఉన్నాయి, సరిపోతాయా అని.

సరిపోవండి. నలభైలో ముప్ఫై ఐదు తీసేయండి. విమానం దిగి వారం కూడా కాని పిల్లలకు నిద్ర వేళలే ఇంకా కుదరవు. లైట్లు ఆర్పి స్లైడ్లు వేస్తే పదో నిమిషానికి సగం మంది కునుకు తీస్తారు. పైగా జెండాలో యాభై నక్షత్రాలు ఉంటాయని వాళ్లకు ముందే తెలుసు. తెలియనివి రెండు: ఆ జెండా ఎదురైనప్పుడు తాము ఏం చేయాలి, అమెరికన్లు తమ చిహ్నాల గురించి తమలో తామే దేనికి వాదించుకుంటారు. ఈ రెంటిలో ఒక్కటీ లేని చిహ్నాన్ని క్లాసులోంచి నిశ్చింతగా తీసేయవచ్చు. జాతీయ పుష్పం గులాబీ అనీ జాతీయ వృక్షం ఓక్ అనీ చెప్పినందువల్ల ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

డబ్బుతో మొదలుపెట్టండి, దీనికి నలభై నిమిషాలు ఇవ్వండి. రెండు మూడు రోజుల ముందే బ్యాంకు నుంచి నాణేల రోల్స్ తెచ్చుకోండి. క్వార్టర్ల రోల్‌లో 40 నాణేలు, అంటే 10 డాలర్లు. డైముల రోల్‌లో 50, అంటే 5 డాలర్లు. నికెల్స్ రోల్‌లో 40, అంటే 2 డాలర్లు. పెన్నీల రోల్‌లో 50, అంటే అర డాలరు. చలామణీ కోసం పెన్నీలు ముద్రించడం 2025 నవంబరులో ఆపేశారు కాబట్టి రోల్ దొరక్కపోతే ఆఫీసులో నలుగురి డెస్కులూ వెతికితే చాలు, అవి ఇంకా చెల్లుతాయి. వీటితో పాటు ఒక డాలరు నోట్లు పదమూడు తెచ్చుకుంటే ఇద్దరికొకటి వస్తుంది. క్వార్టర్లు అడిగేటప్పుడు కొత్తవి వద్దు, వాడినవి కావాలని చెప్పండి. టంకశాల నుంచి నేరుగా వచ్చిన రోల్‌లో అన్నిటి వెనకా ఒకే బొమ్మ ఉంటుంది, మీ క్లాసుకు అది పనికిరాదు.

ఐదుగురు చొప్పున ఐదు జట్లు చేసి ఒక్కో జట్టుకు ఎనిమిది క్వార్టర్లు, పది డైములు, ఎనిమిది నికెల్స్, పది పెన్నీలు ఇవ్వండి. పేర్లు, విలువలు చెప్పకుండా తక్కువ విలువ నుంచి ఎక్కువకు వరసలో పెట్టమనండి. చాలామంది డైమును అన్నిటికన్నా తక్కువ విలువ అనుకుని మొదట పెడతారు, ఎందుకంటే నాలుగింటిలో అదే చిన్నది. ఈ నాణేల మీద విలువ అంకెల్లో ఉండదు, అక్షరాల్లో ‘వన్ డైమ్’, ‘ఫైవ్ సెంట్స్’ అని మాత్రమే ఉంటుంది. కారణం చెబితే ఇక మర్చిపోరు: డైము మొదట వెండి నాణెం, వెండి బరువును బట్టి దాని సైజు వచ్చింది. నికెల్ రాగి, నికెల్ కలిపిన చవక నాణెం కాబట్టి పెద్దగా చేసినా నష్టం లేదు. 1965 చట్టంతో డైములోంచి వెండి తీసేశారు గాని సైజు అలాగే ఉంచారు. తర్వాత 67 సెంట్లు లెక్కపెట్టి ఇవ్వమనండి. రెండు క్వార్టర్లు, ఒక డైము, ఒక నికెల్, రెండు పెన్నీలు అని ఎవరో ఒకరు ముందు తేలుస్తారు. వెంటనే సేల్స్ టాక్స్ సంగతి చెప్పేయండి. మన ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి, ఇక్కడ అరలో రాసిన ధరకు పన్ను తర్వాత కలుస్తుంది. 8 శాతం ఉన్న ఊళ్లో 9.99 డాలర్ల వస్తువుకు కౌంటరు దగ్గర 10.79 కట్టాలి. మీ ఊరి రేటు ఎంతో ముందే చూసుకోండి. అలాస్కా, డెలావేర్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, ఒరెగాన్‌లలో రాష్ట్రస్థాయి సేల్స్ టాక్స్ లేదు.

ఇప్పుడు క్వార్టర్లు తిప్పి చూడమనండి. 1999 నుంచి 2008 దాకా ఏడాదికి ఐదు చొప్పున, రాష్ట్రాలు యూనియన్‌లో చేరిన వరసలో, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో బొమ్మ వేశారు. మొదటిది డెలావేర్, చివరిది హవాయి. హవాయి క్వార్టర్ మీద ఉన్నది రాజు కమేహమేహ. అమెరికా నాణెం మీద రాజేమిటని ఎవరైనా అడిగితే క్లాసు దారిన పడినట్టే. హవాయి ఒకప్పుడు సొంత రాజ్యమనీ, 1959లో యాభయ్యో రాష్ట్రమైందనీ, 1960 జులై 4 నుంచే ఇప్పటి యాభై నక్షత్రాల జెండా వాడుకలోకి వచ్చిందనీ అక్కడే చెప్పేయవచ్చు. 2022 నుంచి 2025 దాకా మహిళల బొమ్మలతో వచ్చిన క్వార్టర్లలో చైనా మూలాలున్న హాలీవుడ్ నటి అన్నా మే వాంగ్, చెరోకీ ఆదివాసీ జాతి నాయకురాలు విల్మా మాన్‌కిల్లర్ ఉన్నారు. ఇవి దొరికితే విడిగా దాచుకోండి.

డాలరు నోటు వెనక కుడివైపు వలయంలో ఉన్నది 1782 జూన్ 20న ఆమోదించిన గ్రేట్ సీల్, అంటే అమెరికా అధికార ముద్ర. పదమూడు ఎన్నిచోట్ల కనిపిస్తుందో లెక్కపెట్టమనండి. గద్ద కాళ్లలో ఒకదాంట్లో పదమూడు బాణాలు, రెండోదాంట్లో పదమూడు ఆకుల ఆలివ్ కొమ్మ, డాలు మీద పదమూడు చారలు, తల పైన పదమూడు నక్షత్రాలు, ఎడమవైపు పిరమిడ్‌కు పదమూడు వరసలు. అవి మొదటి పదమూడు రాష్ట్రాలు. గద్ద ముఖం ఆలివ్ కొమ్మ వైపు తిరిగి ఉండటాన్ని వాళ్లనే గమనించనివ్వండి. పిరమిడ్ మీది కన్ను చూసి రహస్య సంఘాల గురించి ఎవరో ఒకరు అడుగుతారు. అది గ్రేట్ సీల్ రెండో వైపు బొమ్మ, నోటు మీదకు 1935లో వచ్చింది అని చెప్పి ముందుకు సాగండి, లేకపోతే పది నిమిషాలు అక్కడే పోతాయి. బాల్డ్ ఈగిల్ (తెల్లతల గద్ద) చట్టప్రకారం జాతీయ పక్షి అయింది 2024 డిసెంబరులోనే. ఇక బెంజమిన్ ఫ్రాంక్లిన్ టర్కీ కోడిని జాతీయ పక్షిగా ప్రతిపాదించాడన్న కథ చెప్పకండి. 1784లో కూతురికి రాసిన ఉత్తరంలో గద్ద కన్నా టర్కీ మేలని రాశాడంతే, ప్రతిపాదన ఏదీ చేయలేదు. బెట్సీ రాస్ మొదటి జెండా కుట్టిందన్నది కూడా 1870లో ఆమె మనవడు చెప్పగా వ్యాపించిన కథ, అప్పటి ఆధారాలు దానికి లేవు. చెప్పాలనిపిస్తే కథగానే చెప్పండి.

జెండా దగ్గర మన పిల్లలు నిజంగా తికమకపడతారు. మన దేశంలో 1971 చట్టం ప్రకారం జెండాను అవమానిస్తే మూడేళ్ల దాకా జైలు. ఇక్కడ జులై నాలుగున జెండా బొమ్మ ఉన్న కాగితపు ప్లేట్లు, నిక్కర్లు, తువ్వాళ్లు కనిపిస్తాయి. వీళ్లకు జెండా అంటే లెక్కలేదని అనుకుని వెళ్లిపోతే మీ క్లాసు వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ. అందుకని మూడు సంగతులు కలిపి చెప్పండి. 1942 నాటి ఫ్లాగ్ కోడ్ (జెండా మర్యాదల చట్టం) నేప్‌కిన్ల మీద, పెట్టెల మీద జెండా ముద్రించకూడదనే అంటుంది, అయితే మామూలు పౌరుడు దాన్ని పాటించకపోతే శిక్ష వేయరు. జెండాను తగలబెట్టడం కూడా భావప్రకటన కిందికే వస్తుందని 1989లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపుగా తీర్పు చెప్పింది. అదే దేశంలో సైనికుడి అంత్యక్రియల్లో జెండాను త్రికోణంగా మడిచి ఇంటివాళ్ల చేతుల్లో పెడతారు. ఈ మూడూ పక్కపక్కన పెడితే మీరు వ్యాఖ్యానం చేయనక్కర్లేదు. ఇక్కడ ఒక్కో జట్టునూ తమ దేశంలో జెండాకు పాటించే మర్యాదలు చెప్పమని అడగవచ్చు. మనవాళ్లు పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో గాంధీకి నమూనా చూపించిన సంగతి చెబుతారు, నేపాల్ వాళ్ల జెండా ఆకారం గురించి వినడం అందరికీ సరదా. చెప్పడం ఇష్టం లేనివాళ్లను నిలబెట్టకండి. ఏ విద్యార్థీ తన ప్రభుత్వం తరఫున జవాబు చెప్పుకునే పరిస్థితి రాకూడదు.

జాతీయగీతం పాడించవద్దు. రికార్డు పెట్టండి, రెండు నిమిషాలు చాలు. ఫుట్‌బాల్ ఆటకు వెళ్లినట్టు అందరూ లేచి, టోపీలు తీసి, ఫోన్లు జేబులో పెట్టి, జెండా వైపు తిరిగి నిలబడటం సాధన చేయించండి. చెయ్యి గుండెమీద పెట్టుకోవాలా అన్నది తప్పకుండా వచ్చే ప్రశ్న. జెండా ఎగరేసేటప్పుడూ ఊరేగింపులో దాటివెళ్లేటప్పుడూ విదేశీయులు నిటారుగా నిలబడాలని ఫ్లాగ్ కోడ్‌లోనే ఉంది. గీతం అప్పుడూ అలాగే నిలబడితే ఎవరూ తప్పుపట్టరు. 2016లో ఫుట్‌బాల్ ఆటగాడు కోలిన్ కేపర్నిక్ జాతి వివక్షకు నిరసనగా గీతం వచ్చేటప్పుడు మోకాలి మీద కూర్చోవడం, దాన్ని కొందరు సైనికులకు అవమానంగా చూడటం, రెండూ రెండు వాక్యాల్లో చెప్పండి. మీ పక్షం ఏదో చెప్పకండి.

భార్యాబిడ్డలతో వచ్చినవాళ్లుంటే ప్లెడ్జ్ ఆఫ్ అలీజియన్స్ గురించి తప్పక చెప్పాలి. చాలా బడుల్లో పొద్దున్నే పిల్లలు లేచి ఈ ప్రతిజ్ఞ చెబుతారు. ఇంటికొచ్చి పిల్లాడు అమెరికా జెండాకు విధేయుడినని అప్పజెబితే తల్లిదండ్రులు కంగారుపడతారు. ఏ పిల్లాడినీ బలవంతంగా చెప్పించకూడదని సుప్రీంకోర్టు 1943లోనే తీర్పిచ్చింది. పిల్లాడు మౌనంగా ఉంటాడని టీచరుకు ఒక ఈమెయిల్ రాస్తే సరిపోతుంది.

లిబర్టీ విగ్రహానికి ఒక్క స్లైడు చాలు, అదీ పాదాల దగ్గరి తెగిన గొలుసుది. కింద నుంచి చూస్తే అది కనబడదు. విగ్రహాన్ని ప్రారంభించింది 1886లో, వలస వచ్చేవాళ్లను ఆహ్వానించే ఎమ్మా లాజరస్ కవిత ఫలకం లోపల పెట్టింది 1903లో. వలసలకు గుర్తుగా దాన్ని చూడటం తర్వాత బలపడిందన్నమాట. రష్‌మోర్ కొండ మీద చెక్కిన అధ్యక్షుల ముఖాలు చూపిస్తే, ఆ కొండ ఉన్న బ్లాక్ హిల్స్ 1868 ఒప్పందంలో లకోటా ఆదివాసులకు రాసిచ్చినవని కూడా చెప్పాలి. ఆ నేలను లాక్కున్నందుకు పరిహారం ఇవ్వాలని 1980లో సుప్రీంకోర్టు చెప్పినా వాళ్లు ఇంతవరకు ఆ డబ్బు తీసుకోలేదు, భూమే కావాలంటున్నారు. దీనికి టైము లేకపోతే రష్‌మోర్‌ను పూర్తిగా వదిలేయండి, సగం చెప్పడం మంచిది కాదు.

థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం. ఆ వారం చాలా క్యాంపస్‌లలో మెస్సులు మూస్తారు, బస్సులు తగ్గిస్తారు, కాబట్టి కారు లేనివాళ్లు బుధవారానికే సరుకులు తెచ్చిపెట్టుకోవాలని చెప్పండి. అమెరికన్ల ఇంటికి భోజనానికి పిలుపు వస్తే ఏం తినరో వారం ముందే చెప్పడం మర్యాద, మొహమాటపడి ఊరుకోవడం ఇద్దరికీ ఇబ్బంది. శాకాహారులు మోసపోయే వంటకాలు కొన్ని ఉన్నాయి. స్టఫింగ్‌లో చూడటానికి బ్రెడ్డే ఉంటుంది గాని తరచూ కోడి ఉడికించిన నీళ్లతో చేస్తారు. చిలగడదుంప మీద వేసే మార్ష్‌మెలోల్లో జెలటిన్ ఉంటుంది, పై (pie) అనే వంటకం అడుగు పొరలో పంది కొవ్వు ఉండొచ్చు, గుమ్మడి పైలో గుడ్లు ఉంటాయి. మీ క్లాసులో చిరుతిళ్లు పెట్టినా ఇదే వర్తిస్తుంది: బీఫ్, పోర్క్, గుడ్డు, జెలటిన్ ఏది ఉంటే అది పెద్ద అక్షరాలతో చీటీ రాసి ముందు పెట్టండి. హాట్‌డాగ్‌లు మాత్రం వద్దు, అందులో ఏ మాంసం ఉందో అడగడానికి కొత్తవాళ్లు సిగ్గుపడతారు.

చివరి పావుగంట కాగితాలకు అట్టిపెట్టండి. పౌరసత్వానికి సంబంధించిన ఈ భాగాన్ని టైము చాలక ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ, కాని ఇందులో పొరపాటు జరిగితే వీసాకే ఎసరు. 1993 చట్టం వచ్చాక చాలా రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్సు ఫారంలోనే ఓటరుగా నమోదవుతారా అని అడుగుతారు. కౌంటరులో ఉన్న మనిషి అలవాటుగా అడిగినా, స్క్రీన్ మీద వచ్చినా, స్టూడెంట్ వీసాపై ఉన్నవాళ్లు కాదనే చెప్పాలి. పౌరుడినని ఉన్నచోట టిక్ పెట్టడం తెలియక జరిగినా గ్రీన్‌కార్డు దశలో కూడా మెడకు చుట్టుకుంటుంది. మీ రాష్ట్రపు ఫారం నమూనా దించుకుని ఆ గడికి ఎర్ర సున్నా చుట్టి ఒక్కొక్కరికీ ఒక కాపీ ఇవ్వండి. అలాగే లైసెన్సుల జాబితా నుంచి పేర్లు తీసి జ్యూరీకి (కోర్టులో కేసు విని తీర్పు చెప్పే పౌరుల బృందానికి) రమ్మని కోర్టు ఉత్తరం పంపవచ్చు. దాన్ని చెత్తబుట్టలో వేయకూడదు, వెళ్లి కూర్చోకూడదు. అందులో పౌరుడిని కానని చెప్పే గడి ఉంటుంది, అక్కడ గుర్తు పెట్టి, సంతకం చేసి, గడువులోపు తిప్పి పంపాలి. పంపినదాని కాపీ దాచుకోమనండి. సందేహం ఉన్నవాళ్లు గడి నింపకముందే మీ ఆఫీసుకు రావాలని చెప్పి, ఎవరి దగ్గరకు ఏ వేళల్లో రావాలో బోర్డు మీద రాయండి.