పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: ఎంఎంటీఎస్ సంగతులు

ప్రశ్న: మా అబ్బాయికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. బస్సులో పోతే ఆరాంఘర్ దగ్గరే ప్రాణం విసిగిపోతోందంటాడు. రైల్లో కాచిగూడ పోయి అక్కడ ఎంఎంటీఎస్ ఎక్కమని అందరూ చెబుతున్నారు. ఇంతకీ అది మామూలు రైలా, మెట్రో లాంటిదా? – ఒక తల్లి, జడ్చర్ల

జవాబు: మామూలు రైలేనమ్మా. ఎంఎంటీఎస్ అంటే మల్టీ మోడల్ ట్రాన్స్‌పోర్ట్ సిస్టమ్, హైదరాబాద్‌లో తిరిగే లోకల్ రైళ్లు. మెట్రో స్తంభాల మీద తన సొంత దారిలో పోతుంది, అది 2017లో వచ్చింది. ఎంఎంటీఎస్ అంతకంటే చాలా ముందే, 2003 ఆగస్టు 9న మొదలైంది. రాష్ట్ర ప్రభుత్వమూ దక్షిణ మధ్య రైల్వే కలిసి డబ్బులు పెట్టుకుని, ఉన్న పట్టాల మీదే చిన్న చిన్న స్టేషన్లు కట్టి లోకల్ రైళ్లు తిప్పడం మొదలుపెట్టాయి. అందుకే టికెట్ 5 రూపాయల నుంచి దొరుకుతోంది, కొత్తగా దారి వేసి ఉంటే ఆ రేటు ఎక్కడిది?

ఆ ఉన్న పట్టాల కథ మీలాంటి పాలమూరు (మహబూబ్‌నగర్) వాళ్లు తెలుసుకోవాలి. లింగంపల్లి, బేగంపేట, సికింద్రాబాద్ మీదుగా పోయేది నిజాం సొమ్ముతో 1874లో వేసిన వాడి–సికింద్రాబాద్ లైను, బొంబాయి వైపు పోయే పెద్ద లైనుతో హైదరాబాద్‌ను కలిపింది అదే. కాచిగూడ నుంచి మలక్‌పేట, యాకుత్‌పురా, ఫలక్‌నుమా మీదుగా దక్షిణానికి దిగేది మాత్రం వేరే సంగతి. అది మహబూబ్‌నగర్, గద్వాల వైపు వేసిన మీటర్ గేజీ, అంటే ఇరుకు పట్టాల లైను. మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి, ఆ చిన్న బండి ఎంత నింపాదిగా పోయేదో చెబుతారు. 1990లలో దాన్ని బ్రాడ్‌గేజీ, అంటే మిగతా వాటిలా వెడల్పు పట్టాల లైను చేశారు, ఆ తర్వాతే రెండు లైన్లకూ కలిపి ఒకే లోకల్ రైలు తిప్పడం వీలైంది. అంటే పాతబస్తీ వాళ్లు ఇవాళ హైటెక్ సిటీకి ఆఫీసుకు పోతున్నారంటే సగం దూరం మన పాలమూరు లైను మీదే పోతున్నారు. ఈ మాట నగరంలో ఎవరూ అనరు, మనమైనా అనుకోవాలి కదా!

మీవాడు కాచిగూడలో దిగి ‘ఎఫ్‌ఎల్’ అని పిలిచే బండి ఎక్కితే చాలు, ఫలక్‌నుమా నుంచి లింగంపల్లి పోయేదని అర్థం. మధ్యలో ఎక్కడా మారకుండా హైటెక్ సిటీలో దిగొచ్చు. తిరుగు బండి ‘ఎల్‌ఎఫ్’. రోజూ పోయేవాడైతే నెల పాసు తీసుకోమనండి. 2023 నుంచి ఈ రైళ్లు ఫలక్‌నుమా దాటి ఉందానగర్ దాకా కూడా వస్తున్నాయి, అంటే శంషాబాద్. ఎయిర్‌పోర్టు లోపలికి మాత్రం పట్టాలు లేవు, సూట్‌కేసులతో ఆశపడి దిగకండి.

ప్రశ్న: ఘట్‌కేసర్ దాకా ఎంఎంటీఎస్ వచ్చింది కదా, మా నల్గొండకు ఎప్పుడు? – ఒక రైతు, చిట్యాల

జవాబు: ఇప్పట్లో రాదన్నా, ఆశ పెట్టి ఏం లాభం. ఘట్‌కేసర్ సర్వీసు 2024 మార్చిలో మొదలైంది. అక్కడి నుంచి పొడిగిస్తామంటున్నది యాదాద్రికి, అంటే మనం రాయగిరి అనే స్టేషన్‌కు. అది కాజీపేట లైను. మీ లైను బీబీనగర్ దగ్గరే పక్కకు తిరిగి వలిగొండ, రామన్నపేట మీదుగా మీ దగ్గరికి వస్తుంది. ఆ ఒంటి లైను మీద అటు గుంటూరు ఎక్స్‌ప్రెస్‌లు, ఇటు సిమెంటు గూడ్సులు, ఇంక లోకల్‌కు చోటెక్కడ? బీబీనగర్–గుంటూరు 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కు, అంటే పక్కనే రెండో లైను వేయడానికి, 2023లో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. అది పూర్తయ్యాక అడగాల్సింది కూడా ఎంఎంటీఎస్ కాదని నా అభిప్రాయం. ఆఫీసుల టైముకు సికింద్రాబాద్ చేర్చి, సాయంత్రం వెనక్కి తెచ్చే ప్యాసింజర్ ఒకటి గట్టిగా అడగండి, మీకు పనికొచ్చేది అదే.

ప్రశ్న: మాది నేత కుటుంబం. నేను డిగ్రీ చదువుతున్నాను. స్నేహితులతో హైదరాబాద్ వచ్చి పాత కట్టడాలు, కళల చోట్లు చూడాలని ఉంది, చేతిలో డబ్బులు మాత్రం తక్కువ. ఎంఎంటీఎస్‌లోనే తిరగొచ్చా? – ఒక విద్యార్థిని, గద్వాల

జవాబు: తిరగొచ్చమ్మా, దిగిన చోటి నుంచే మొదలుపెట్టండి. గద్వాల రైలు కాచిగూడలో ఆగగానే అందరూ ఆటోల వైపు పరుగెత్తుతారు. మీరు బయటికి వచ్చి రోడ్డు దాకా పోయి వెనక్కి తిరిగి చూడండి. మధ్యలో పెద్ద గుమ్మటం, అటూ ఇటూ చిన్నవి, వాటికి తోడు మినార్లు. 1916 నాటి కట్టడం. సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని కొత్తది కట్టడానికి కూల్చేశారు కాబట్టి నిజాం కాలం స్టేషన్ ఎలా ఉండేదో చూడాలంటే ముందు ఇక్కడికే రావాలి. లోపల చిన్న రైల్వే మ్యూజియం కూడా ఉంది. అక్కడి నుంచి సుల్తాన్‌బజార్ దూరమేమీ కాదు, శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అక్కడే. 1901లో, తెలుగు మాట్లాడితే చిన్నచూపు చూసే రోజుల్లో పెట్టిన గ్రంథాలయం. పుస్తకాలు ఇష్టమైతే వదలకండి.

మళ్లీ ఎంఎంటీఎస్ ఎక్కి ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో దిగండి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ 1939లో ప్రారంభమైంది, బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా. ముందు వైపు ఆ ఎత్తయిన కమాను ముస్లిం కట్టడాల తీరు. స్తంభాల దగ్గరికి పోయి చూస్తే అజంతా ఎల్లోరా గుర్తొస్తాయి. మీ ఊరి చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కుప్పడం అనే నేత పద్ధతితో కలిపినట్టే ఇక్కడ రెండు తీర్లనూ కలిపారు, నేతింటి పిల్లవు కాబట్టి నీకు వెంటనే అర్థమవుతుంది. ఫొటోలు మెట్ల మీద దిగి వచ్చేయకండి, లోపలి హాలు దాకా పోండి.

తర్వాత సికింద్రాబాద్ మీదుగా నాంపల్లి వైపు పోండి. లక్డీకాపూల్‌లో దిగితే కొద్ది దూరంలో రవీంద్రభారతి, 1961 నుంచి నాటకాలకూ నాట్యాలకూ అదే వేదిక. చివరన నాంపల్లి. అక్కడ పబ్లిక్ గార్డెన్స్‌లో స్టేట్ మ్యూజియం చూసి, పక్కనే ఉన్న తెలుగు విశ్వవిద్యాలయం బోర్డు చదవండి. దానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ 2025లో అసెంబ్లీ చట్టం చేసింది. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన ఆయనది మీ గద్వాల ప్రాంతమే, ఇటికాలపాడు. శిల్పారామానికి హైటెక్ సిటీ స్టేషన్ నుంచి ఆటో తప్పదు, షేర్ ఆటో బేరం ఎక్కే ముందే తేల్చుకోండి. ఆదివారం కొన్ని సర్వీసులు రద్దు చేస్తుంటారు, శనివారం పెట్టుకుంటే టెన్షన్ ఉండదు.

ప్రశ్న: మాకు రైలు వచ్చిందే మొన్న 2023లో, దేవరకద్ర–కృష్ణా రైలు లైను పడ్డాక. దాన్లో కాచిగూడ వచ్చి ఎంఎంటీఎస్ కోసం నిలబడితే ఒక్కోసారి ఎంతకీ రాదు. ఎందుకట్లా? – ఒక చిరుద్యోగి, మక్తల్

జవాబు: పైన చెప్పాను కదా, దానికి సొంత పట్టాలు తక్కువ. దూరం పోయే ఎక్స్‌ప్రెస్ వెనకబడి వస్తే దాన్ని ముందు పంపిస్తారు, లోకల్ బయట సిగ్నల్ దగ్గర ఆగుతుంది. సికింద్రాబాద్ దగ్గర అన్ని వైపుల లైన్లూ కలుస్తాయి, చిక్కంతా అక్కడే. ఎంఎంటీఎస్‌ను పొడిగించిన రెండో దశలో కొన్ని చోట్ల వేరే లైన్లు వేశారు గానీ అన్ని దార్లలోనూ కాదు. మీకు చెప్పేదొకటే: కాచిగూడలో దిగేలోపే ఫోన్లో బండి ఎక్కడుందో చూసుకోండి. ఆలస్యమని తేలితే మెట్రోకు పోవాలనుకునేవాళ్లకు మలక్‌పేట దగ్గర మెట్రో స్టేషన్ ఉంది. డబ్బులు ఎక్కువవుతాయి, కానీ బయోమెట్రిక్ వేలు టైముకు పడుతుంది.