కడుపునొప్పి ఆదివారం రాత్రే ఎందుకొస్తోంది?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. మాట తడబడుతుంది. ‘ప’, ‘బ’లతో మొదలయ్యే మాటల దగ్గర ఆగిపోతాడు. క్లాసులో నలుగురు పిల్లలు ‘బ్రేకుల బండి’ అని పేరు పెట్టారు. వాడు పాఠం చదువుతుంటే వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆదివారం రాత్రయితే కడుపునొప్పి అంటాడు. డాక్టరు చూసి ఏమీ లేదన్నారు. మావారేమో ‘మగపిల్లాడు, ఆ మాత్రం తట్టుకోవాలి’ అంటారు. మా మరిది కూడా సరదాకి వాడిలా మాట్లాడి నవ్విస్తుంటాడు, ప్రేమతోనే లెండి. బడి మార్చమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు మీ మరిదితో ఆ సరదా మాన్పించండి. బడిలో నవ్వులపాలై వచ్చిన పిల్లాడికి ఇంట్లోనూ అదే ఎదురైతే ఇక ఎక్కడికి పోతాడు? అందరితో పాటు వాడూ నవ్వుతున్నాడంటే ఇష్టమై కాదు, ఏడిస్తే ఇంకా ఏడిపిస్తారని.

కడుపునొప్పి నాటకం కాదు. సోమవారం బడికి వెళ్లాలన్న టెన్షన్‌కి నొప్పి నిజంగానే వస్తుంది. స్కానింగులో కనపడదు, అంతే. మీవారికి ఇది చదివి వినిపించండి. తట్టుకుంటూనే ఉన్నాడండీ ఆ పిల్లాడు, రోజూ బడికి వెళ్తున్నాడుగా!

‘పట్టించుకోకు’ అని మాత్రం వాడికి చెప్పకండి. నేను బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లో పిల్లలకు మేమంతా ఇచ్చిన సలహా అదే. దాంతో పిల్లలు బాధపడటం మానలేదు, మాకు చెప్పడం మానేశారు. ‘ఇవాళ ఎవరేమన్నారు’ అని రోజూ ఆరా తీయడం కూడా వద్దు. అన్నం ఎవరి పక్కన తిన్నావు, బస్సులో ఎవరి పక్కన కూర్చున్నావు అని అడగండి. ఒక్క పేరు వచ్చినా మంచిదే. ఆ పిల్లాణ్ణి ఆదివారం ఇంటికి పిలవండి. ఎగతాళి చేసేవాళ్లు నలుగురైతే, చూస్తూ నవ్వేవాళ్లు ముప్పై మంది ఉంటారు. వాళ్లలో ఒకడు ‘ఆపరా’ అంటే దాని బలం మన మందలింపుకు రాదు.

వీడియో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తేదీలతో హెడ్‌మాస్టరు గారికి కాగితం మీద రాసివ్వండి, నోటిమాటతో వదలకండి. అందరి ముందూ వీణ్ణి నిలబెట్టి విచారించవద్దని అందులోనే రాయండి. ఆ పిల్లల ఇళ్లకు వెళ్లి గొడవ పడకండి, మర్నాడు దాని ఫలితం అనుభవించేది మీవాడే.

నత్తికి స్పీచ్ థెరపీ ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలీ యావర్ జంగ్ ప్రాంతీయ కేంద్రంలో చూపించవచ్చు. ఇంట్లో వాడు ఆగిన మాటను మీరు పూర్తి చేయకండి, ఆగి వినండి. దిగులుగా ఉంటున్నాడనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట వస్తే మాత్రం ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

బడి మార్చే సంగతి వాణ్ణే అడగండి. వాడికి అక్కడ ఇష్టమైన మాస్టారో, స్నేహితుడో ఉండొచ్చు. హెడ్‌మాస్టరు నెల రోజుల్లో ఏమీ చేయకపోతే, వాడూ సరేనంటే, మార్చండి.