చెక్క మేడల్లో కొలువులుంటాయా?

ప్రశ్న: సివిల్ ఇంజినీరింగ్ మూడో ఏడాది చదువుతున్నాను. చెక్కతో ఎత్తయిన భవనాలు కట్టే రంగంలో పీజీ చేయాలనుంది. కాంక్రీటే నయమంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?

జవాబు: ఇందులో ఒకటి వదిలితేనే రెండోది అనేమీ లేదు. అమెరికాలోని మిల్వాకీలో 2022లో పూర్తయిన అసెంట్ భవనానికి 25 అంతస్తులు. కింది అంతస్తులూ, లిఫ్టు కోర్లూ (లిఫ్టుల చుట్టూ నిలువునా లేచే గోడలు) కాంక్రీటే. ఆ పైన గ్లూలామ్ (చెక్క పొరల్ని ఒకే దిశలో జిగురుతో అతికించింది) స్తంభాలు, సీఎల్‌టీ (పొరల్ని ఒకదానికొకటి అడ్డంగా అతికించింది) పలకలు. నార్వేలో 2019లో లేచిన 18 అంతస్తుల మ్యోస్టోర్నెట్‌లోనైతే ఊపు తగ్గడానికి పై అంతస్తులకు కావాలనే కాంక్రీటు శ్లాబులు వేశారు. కాంక్రీటు బరువులో చెక్క సుమారు ఐదో వంతే. పునాదికది మేలు, గాలికి మాత్రం భవనం ఎక్కువ ఊగుతుంది. కాబట్టి ఈ ఊపును లెక్కగట్టే స్ట్రక్చరల్ డైనమిక్స్‌ను మార్కుల కోసం చదివి వదిలేయకండి.

‘చెక్క కాలిపోదా?’ అని ఇంటర్వ్యూలో అడగొచ్చు. లావుపాటి దూలం పైన బొగ్గుపొర కట్టి, లోపలి చెక్కకు వేడి తగలనివ్వదు. చెక్క కట్టడాల డిజైన్‌కు యూరప్‌లో వాడే ప్రమాణం యూరోకోడ్ 5 లెక్కన గ్లూలామ్ నిమిషానికి 0.65 మిల్లీమీటర్ల చొప్పున బొగ్గవుతుంది. గంటకు 40 మిల్లీమీటర్ల దాకా పోయినా మిగిలిన భాగం బరువు మోసేలా డిజైన్ చేస్తారు. వేడికి జిగురు వదిలిందంటే ఈ లెక్క తప్పుతుంది. అది కూడా చెబితే మీరు పైపైన చదవలేదని తెలుస్తుంది.

అసలు పనితనమంతా జాయింట్లలో ఉంది. దూలంలో గాడి కోసి ఉక్కు ప్లేటు దూర్చి, అడ్డంగా డోవెల్ పిన్నులు (నున్నటి ఉక్కు కడ్డీలు) దిగగొడతారు. పిన్ను దూలం కొసకు మరీ దగ్గరగా ఉంటే చెక్క నార వెంట చీలుతుంది. తేమ మారితే చెక్క ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. పైగా రంధ్రాలన్నీ ఫ్యాక్టరీలో కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్ వేస్తుంది. సైట్‌లో సర్దుకుందామంటే కుదరదు. ఇది చేతనైనవాళ్లను డిజైన్ కన్సల్టెన్సీలూ, చెక్క తయారీ కంపెనీలూ తీసుకుంటాయి.

మీ నాన్నగారి భయం మాత్రం ఉత్తది కాదు. చెక్క నిర్మాణం కొన్ని దేశాల్లోనే జోరుగా ఉంది, ఒక్క చెక్కనే నమ్ముకుంటే అవకాశాలు తక్కువ. అందుకే పీజీ డిగ్రీ మీద ‘స్ట్రక్చరల్ ఇంజినీరింగ్’ అనే ఉండాలి, టింబర్ పేపర్లు అందులో భాగం కావాలి. సీఎల్‌టీ పరిశోధనకు పేరున్న ఆస్ట్రియాలోని గ్రాజ్ టెక్నికల్ యూనివర్సిటీ సిలబస్ చూడండి. ఈలోగా ఫైనలియర్ ప్రాజెక్టుకు భవనమంతా కాకుండా ఒక్క జాయింట్ తీసుకుని, అది విరిగేదాకా ల్యాబ్‌లో పరీక్షించండి.